దేవతను నవ్వించినావిడ

ఆ కథలో ఆవిడకు దక్కింది రెండు మూడు వాక్యాలు. ఆవిడ తెచ్చి వేసిన పీట గురించి, దానిమీద పరిచిన గొర్రెచర్మం గురించి మా ప్రొఫెసరమ్మ అంతకంటే ఎక్కువసేపే మాట్లాడింది. ఆ కాలంలో ఇళ్ళు ఎలా ఉండేవో, అతిథులకు ఎలాంటి ఆసనాలు వేసేవారో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించింది.

1985లో ఆకులు రాలే రోజుల్లో, షికాగో శివార్లలో నేపర్‌విల్‌కు దగ్గర్లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో శనివారం ఉదయం క్లాసు అది. నేను చేరింది లైబ్రరీలో ఉద్యోగానికి పనికొచ్చే చదువు కోసం. ఈ దేశంలో ఏ చదువు చదవాలన్నా దానికి బొత్తిగా సంబంధం లేని ఇంకో నాలుగు చదువులు చదివి తీరాలి. ఆ సెమిస్టరులో ఖాళీ ఉన్నది గ్రీకు పురాణాల క్లాసులో మాత్రమే. మన పురాణాలే సగం గుర్తు లేవు, వీళ్ళవి కూడానా అని విసుక్కుంటూనే డబ్బు కట్టాను. మొదటి వారాలన్నీ ఎవరు ఎవరి కొడుకో గుర్తు పెట్టుకోవడంతోనే సరిపోయింది.

ఆ శనివారం చెప్పింది డెమీటర్ కథ. ఆవిడ పంటల దేవత. ఆవిడ కూతుర్ని పాతాళానికి రాజైన దేవుడు ఎత్తుకుపోయాడు. తల్లి తిండీ స్నానమూ మానేసి, ముసలి మనిషి వేషంలో ఊళ్ళు పట్టుకు తిరిగి, చివరకు ఒక గొప్పవాళ్ళ ఇంటికి చేరింది. ముసుగు మొహమ్మీదికి లాక్కుని, ఎవరితోనూ పలకకుండా కూర్చుంది. ఆ ఇంట్లో ఐయాంబీ అని ఒక పనిమనిషి ఉంది. పీట వేసి, గొర్రెచర్మం పరిచి, దేవతను కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి వెటకారాలు మొదలుపెట్టింది. మోటు హాస్యాలు ఆడిందట. దేవత మొదట పెదవి కదిలించింది, తరవాత నవ్వేసింది. నవ్వాక బార్లీ కలిపిన నీళ్ళు ఇమ్మని తనే అడిగి తాగింది. కూతురు పోయిన తరవాత ఆవిడ గొంతు దిగింది అదే మొదలు.

బార్లీ అన్న మాట దగ్గర నేను రాసుకోవడం ఆపేశాను. ప్రొఫెసరమ్మ కథను ముందుకు తీసుకుపోయింది. ఆ ఇంట్లో ఒక పసివాడు ఉన్నాడని, దేవత వాణ్ణి పెంచిందని, తరవాత కోపం తెచ్చుకుని పంటలన్నీ ఎండగట్టిందని, చివరకు ఏడాదిలో కొన్ని నెలలు కూతురు తల్లి దగ్గరికి తిరిగి వచ్చేలా ఒప్పందం కుదిరిందని చెప్పింది. నేను క్లాసులో చెయ్యెత్తిందెన్నడూ లేదు. నా ఇంగ్లీషు నాకే నచ్చదు. అయినా ఆ రోజు ఎత్తాను.

"తరవాత ఆవిడ ఏమైంది?" అన్నాను.

"డెమీటరా?"

"కాదు. నవ్వించినావిడ."

ప్రొఫెసరమ్మ చేతిలో పుస్తకం తిరగేసింది, పాపం, నిజంగానే వెతికింది. "ఆమె గురించి ఇంకేమీ లేదు. కథలో ఆమె పని అయిపోయింది," అంది.

నాకు ఒళ్ళు మండింది. పని అయిపోవడం ఏమిటి? నవ్వించడం అంట్లు తోమడం లాంటిదా, అయిపోగానే చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోవడానికి? అయినా కోపం ఆవిడ మీద కాదని నాకూ తెలుసు. మిగిలిన గంట నేనేమీ వినలేదు. ఆ పనిమనిషి తరవాత ఏమైందో ఆ క్లాసులో నాకొక్కదానికే తెలుసు. నన్ను నవ్వించినావిడ మా అత్తగారు.

అత్తయ్య 1978లో మా రెండో అమ్మాయి పుట్టేటప్పుడు నా పురిటికని వచ్చింది. గుంటూరు వైపు మనిషి. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను ఏడిపించే పాటలకు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడే పెట్టింది పేరట. మామగారు పోయాక పందిట్లోకి రావడం మానేసినా, వంటింటి గుమ్మంలో నిలబడి పక్కవాళ్ళకు మాట అందించేది, వాళ్ళు పందిట్లో అనేవాళ్ళు, పందిరి ఘొల్లుమనేది. నా పెళ్ళిలో మా అమ్మను అన్న మాటలు ఇక్కడ రాయలేను. మా అమ్మ పది రోజులు అలిగి, ఆ తరవాత అవే మాటలు తను ఇంకో పెళ్ళిలో అంది. అత్తయ్య ప్రత్యేకత ఏమిటంటే, మాట అనేసి తను మాత్రం నవ్వదు. మొహం కందగడ్డలా పెట్టుకుని, ఇందులో నవ్వడానికేముంది అన్నట్టు అందర్నీ చూస్తుంది. దాంతో ఇంకా నవ్వొస్తుంది.

అమెరికా వచ్చినా ఆవిడ నోరు ఊరుకోలేదు. పక్కింటివాళ్ళ కుక్కకు స్వెటర్ తొడిగి తిప్పుతుంటే కిటికీలోంచి చూసి, "ఆ కుక్కకున్నపాటి బట్ట పెళ్ళినాడు మీ మామగారికి లేదే అమ్మాయ్," అంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గానీ ఎవరు ఎలా మాట్లాడితే అలా దించేసేది. మా పెద్దమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. నాన్నమ్మ పక్కలోనే పడుకునేది. "నాన్నమ్మా, డూ ద మెయిల్‌మాన్," అని అడిగేది. అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, సంచీ భుజాన వేసుకున్నట్టు ఒంగి, మా ఉత్తరాలతను కుక్కను చూసి ఎలా వెనక్కి నడుస్తాడో నడిచి చూపించేది. అది పడీ పడీ నవ్వేది. దాని తెలుగు వంకరటింకరగా ఉండేది, ఆవిడకు ఇంగ్లీషు రాదు. వాళ్ళిద్దరికీ ఏ భాషా అడ్డం రాలేదు.

ఆ చలికాలంలోనే మా పెద్దది పోయింది. జ్వరం వచ్చి మెదడుకు పాకింది. ఆస్పత్రిలో అందరూ చెయ్యగలిగిందంతా చేశారు. అంతకంటే రాయడం నావల్ల కాదు.

మన దగ్గర పెద్దవాళ్ళు పోతే దినవారాలని ఏదో ఒకటి ఉంటుంది. వచ్చేపోయే జనం, వంటలు, చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి, వాటితో ఇల్లు నడుస్తుంది. అంత చిన్నపిల్లలకు పెద్దగా చేసేదేమీ ఉండదన్నారు. చెయ్యడానికి ఏమీ లేని ఇంట్లో మేం ముగ్గురం, ఏడాదైనా నిండని చిన్నది మిగిలాం. నేను పెద్దదాని గదిలో కింద కార్పెట్ మీద కూర్చునేదాన్ని. తల దువ్వుకోలేదు, స్నానం చెయ్యలేదు, అన్నం తినలేదు. చిన్నదానికి నా దగ్గర పాలు ఆగిపోయాయి. అత్తయ్యే సీసా పట్టేది. రోజూ బార్లీ ఉడకబెట్టి, పలచగా మజ్జిగ పోసి, ఉప్పేసి గ్లాసుతో తెచ్చి నా పక్కన పెట్టేది. నేను ముట్టేదాన్ని కాదు. మా ఆయన పనికి వెళ్ళడం మొదలుపెట్టారు. పొద్దున్నే ట్రెయిన్ ఎక్కి షికాగో వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. నేను ఆయనను తప్పు పట్టలేదు. నాకు అసలు ఆయన ఉన్నారన్న ధ్యాసే లేదు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అందరూ వచ్చారు. అందరూ మంచివాళ్ళు. కానీ అందరూ పాతికా ముప్పై ఏళ్ళవాళ్ళే. పలకరింపుకు వెళ్ళడం అనేది మా అమ్మానాన్నల పని, మాకెవరికీ చేతకాదు. ఊళ్ళో అయితే ఒక ముసలావిడ వచ్చి మెడ పట్టుకుని బావురుమంటుంది, ఇంక మాటతో పని లేదు. ఇక్కడ బూట్లు గుమ్మంలో విప్పి, కోట్లు ఒళ్ళో పెట్టుకుని, సోఫాలో వరసగా కూర్చునేవారు. పిల్లల్ని చూస్తే నేను తట్టుకోలేనని ఎవరూ వాళ్ళ పిల్లల్ని తేలేదు. ఏమీ తోచక మగవాళ్ళు రోడ్ల గురించి మాట్లాడుకునేవారు. "ఏ రూట్‌లో వచ్చారు?" "టోల్‌వే మీద ఐస్ ఉందండీ, లోపలి రోడ్లే తీసుకున్నాం." "అదే బెటర్." అందరిదీ అదే సంభాషణ.

పైగా లేచేటప్పుడు ఇంకో చిక్కు. చావు ఇంటికి వెళ్ళినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని అనకూడదు. ఆ ఇంటికి అలాంటి పనిమీద మళ్ళీ వస్తామన్నట్టు అవుతుందని. ఇది అందరికీ తెలుసు. ఊళ్ళో అయితే చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ అలా కాదు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కోవాలి, లేసులు కట్టుకోవాలి, కోటు వేసుకోవాలి, టోపీ పెట్టుకోవాలి. అంతసేపూ మా ఆయన ఎదురుగా నిలబడి ఉంటారు. ఏదో ఒకటి అనకుండా ఎలా వెళ్తారు?

ఒక మధ్యాహ్నం, అందరి రాకపోకలూ అయిపోయాక, అత్తయ్య ఎప్పటిలాగే బార్లీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. చిన్నదాన్ని నా ఎదురుగా కూర్చోబెట్టింది. అది కేరింతలు మానేసి చాలా రోజులైంది. నా మొహంకేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చునేది. అత్తయ్య బయటికి వెళ్ళి, మా ఆయన పాత కోటు ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, మంచం అంచున బిగుసుకుని కూర్చుంది.

"యే రూట్‌లో వొచ్చారండీ?" అంది.

నేను తలెత్తాను.

ఆవిడ రెండు చేతులతో స్టీరింగు తిప్పింది. "టోల్‌వే మీద అయిసుందండీ." గొంతు మార్చింది. "అదే బెటరు." మళ్ళీ గొంతు మార్చింది. సోఫాలో కూర్చున్న ప్రతి మగవాడినీ వరసగా దించేసింది. ఒకాయన ముక్కు తుడుచుకునే తీరు, ఇంకొకాయన ఏడుపొచ్చినప్పుడల్లా గడియారం చూసుకోవడం. ఈవిడకు మతి పోయిందా అనుకున్నాను. ఆవిడ ఆగలేదు. లేచి, లేని బూట్లు తొడుక్కుని, లేని లేసులు కట్టుకుంటూ కట్టుకుంటూ, అయిపోయాక మళ్ళీ విప్పి కట్టుకుంటూ, ఏమనాలో తెలియక నోరు తెరిచి మూసి, చివరకు నిటారుగా నిలబడి, చెయ్యి ముందుకు చాపి, స్పష్టమైన ఇంగ్లీషులో అంది:

"డ్రైవ్ కేర్‌ఫుల్లీ!"

నిజంగా జరిగిందే. మావాళ్ళలో ఒక పెద్దమనిషి, చదువుకున్నవాడు, గుమ్మంలో తడబడి తడబడి, సొంత ఇంట్లో మేజోళ్ళతో నిలబడ్డ మా ఆయనతో ఆ మాట అని వెళ్ళిపోయాడు. నేను గదిలోంచి విన్నాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు నా కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపే అనుకున్నాను. నవ్వు. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఆగలేదు. కార్పెట్ మీద పడి నవ్వాను. "యెక్కడికే డ్రైవ్ చేసేది, వాడు వాడింట్లోనే వుంటే!" అంది అత్తయ్య, ఇంక తనూ పట్టలేక నవ్వేసింది. నేను చూసినన్నాళ్ళలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ముందు పళ్ళు రెండు లేవు, పెద్ద గొంతు, రొప్పుతూ రొప్పుతూ నవ్వింది. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వాం, ఏడ్చాం, ఏది ఏదో తెలియలేదు. చిన్నది మమ్మల్ని చూసి చేతులు కొట్టింది. నేను బార్లీ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను.

అప్పుడు తలుపు కదిలింది. మా ఆయన గుమ్మంలో ఉన్నారు. ఆ రోజు తొందరగా వచ్చేశారు. కోటు మీద మంచు ఇంకా కరగలేదు. అత్తయ్య నవ్వు టక్కున ఆగిపోయింది. నాదీ ఆగిపోయింది. ఆయన ఆవిడను చూశారు, నన్ను చూశారు, బూట్లు కూడా విప్పకుండా అవతలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

"వాడికి కోపమొచ్చిందే," అంది అత్తయ్య మెల్లగా. ఒళ్ళోంచి జారిపోయిన కోటు తీసి మడత పెట్టింది. "రాదూ మరి. కన్నకూతురు పోయిన ఇంట్లో ఈ ఇకఇకలేంటి."

ఆ తరవాత నేను కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టాను. తల దువ్వుకున్నాను. చిన్నదాన్ని ఎత్తుకున్నాను. బాగుపడ్డానని అనను, లేచానంతే. కానీ అత్తయ్య నోరు మూతపడింది. కొడుకు ఎదుట తలెత్తేది కాదు. ఆయనా అంతే. అన్నం పెట్టనా అంటే పెట్టు, కాఫీ ఇవ్వనా అంటే వద్దు. చెప్పుకోవడానికి ఇంట్లో ముగ్గురం ఉన్నాం గానీ, చప్పుడు చేసేది చిన్నదొక్కతే. వారాల తరబడి అలా గడిచాక ఒక ఆదివారం, "నా టికెట్టు బుక్ చెయ్యరా," అంది ఆవిడ. ఇంకా ఉండటానికి వీసాలో గడువు ఉంది. ఉండమని ఆయన అంటారేమో అని నేను చూశాను. ఆయన సరే అన్నారు.

సామాను సర్దుతున్నప్పుడు నేను అడిగాను, ఆ రోజు అలా చెయ్యాలని మీకు ఎందుకనిపించిందని. అత్తయ్య చీర మడత పెట్టడం ఆపలేదు.

"వాడికో అక్క వుండేది. చెప్పాడా నీకు?"

చెప్పలేదు. నాకు అప్పుడే తెలిసింది.

"యెనిమిదేళ్ళది. పోయింది. యేడాది పైగా నేను మనిషిని కాదు. వీడు నాలుగేళ్ళ నలుసు. గిన్నె నెత్తిన బోర్లించుకుని నా ముందు గంతులేసేవాడు. అమ్మా నవ్వు, అమ్మా నవ్వు అనేవాడు. నేను గోడకేసి తిరిగి పడుకునేదాన్ని. కొన్నాళ్ళు చూశాడు, మానేశాడు. నీ చిన్నది నీ మొహంకేసి అట్టా చూస్తుంటే నాకు వాడే కనపడ్డాడే. పోయినదాని కోసం ఏడుస్తా, వున్నవాణ్ణి పోగొట్టుకున్నా నేను. నువ్వు ఆ పని చెయ్యబాక."

"మరి అందర్నీ నవ్వించడం మీకు ఎప్పుడు అలవాటైంది?"

"ఆ తరవాతే. వాడు నవ్వుతాడేమోనని మొదలెట్టా. వూరంతా నవ్వింది. వాడు తప్ప."

ఆవిడ పెట్టెలో అన్నిటికంటే అడుగున మా పెద్దదాని ఉన్ని టోపీ ఒకటి పెట్టుకుంది. గుంటూరు ఎండల్లో దాన్ని ఏం చేసుకుంటుందని నేను అడగలేదు. తనకూ మనవరాలు పోయిందని, పక్కలో పడుకునే పిల్ల లేని మంచంలో తనూ రోజూ పడుకుంటోందని, మేమెవ్వరం ఒక్కసారి కూడా ఆవిడను ఓదార్చలేదు. ఆవిడ అడగలేదు కూడా.

తిరిగి వెళ్ళాక ఫోన్లు ఎప్పుడో గానీ ఉండేవి కావు. కాల్ కలిస్తే మా ఆయన ఒంట్లో ఎలా ఉంది అని అడిగి ఫోన్ నాకు ఇచ్చేసేవారు. అత్తయ్య నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "వాడికి కోపం తగ్గిందా?" తగ్గిందనేదాన్ని. ఆవిడ నమ్మేది కాదు. 1984 వేసవిలో నిద్రలోనే పోయింది. ఈయన వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వెళ్ళారు, వచ్చారు, మర్నాడు ఆఫీస్‌కి వెళ్ళారు.

ఆ శనివారం క్లాసయ్యాక నన్ను తీసుకెళ్ళడానికి ఆయనే వచ్చారు. చిన్నది ఎవరిదో బర్త్‌డే పార్టీలో ఉంది. దానికి ఏడేళ్ళు దాటాయి, అక్కను వయసులో దాటేసింది. మొక్కజొన్న కోసేసిన పొలాల పక్కనుంచి వెళ్తుంటే నేను ఆపుకోలేక కథ చెప్పాను. దేవత, కూతురు, పనిమనిషి, నవ్వు, బార్లీ నీళ్ళు అన్నీ చెప్పాను.

"ఆ రోజు మీకు అంత కోపం ఎందుకు వచ్చింది?" అని అడిగేశాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"ఏ రోజు?"

"నేనూ అత్తయ్యా నవ్వుతుంటే మీరు వచ్చిన రోజు."

ఆయన కారును ఒక చర్చి పార్కింగ్ లాట్‌లోకి తిప్పి ఆపారు.

"నాకు కోపం రాలేదు," అన్నారు. "లోపలికి వస్తుంటే వినపడింది. ఒకటి నీ గొంతు. రెండోది ఎవరిదో పోల్చుకోలేకపోయాను. అమ్మ నవ్వు నేను అంతకు ముందు వినలేదు. నేను లోపలికొస్తే ఆపేస్తుందేమోనని తలుపు అవతలే నిలబడిపోయాను, ఇంకాసేపు విందామని. చెయ్యి తగిలి తలుపు కదిలింది. నన్ను చూసింది, ఆపేసింది." ఆగి అన్నారు, "చిన్నప్పట్నుంచీ అంతే. నన్ను చూస్తే అమ్మకి నవ్వు రాదు."

"మీకు కోపం వచ్చిందనుకునే ఆవిడ వెళ్ళిపోయిందండీ. ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేది. పోయేదాకా అదే అనుకుంది."

"నాతో ఉండలేకే టికెట్ అడిగిందనుకున్నాను," అన్నారు.

ఆయన స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. కూతురు పోయినప్పుడూ, తల్లి పోయినప్పుడూ నా ఎదుట కన్నీరు పెట్టని మనిషి పెద్దగా ఏడ్చారు. నేను వీపు మీద చెయ్యి వేశాను. "నువ్వు నవ్వితే వినాలని అక్కడ నిలబడ్డానే అమ్మా," అంటున్నారు, నాతో కాదు.